చిన్న జీతం, పెద్ద పరిశీలన



సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర బయల్దేరి తాడ్‌బండ్, బోయిన్‌పల్లి, సుచిత్ర మీదుగా మేడ్చల్ వైపు సాగే రోడ్డు 44వ నంబరు జాతీయ రహదారి. 2024 మార్చిలో ఈ దారిలో ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. ఈ రోడ్డు పక్కన భూముల ముచ్చట అంతకుముందూ ఉన్నదే. ఆ తర్వాత మరీ జోరందుకుంది. టీ కొట్టు దగ్గరైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా, ఫోనులో వచ్చే ప్రకటనల్లోనైనా ఒకటే మాట: ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేరు. పాతిక ముప్ఫై ఏళ్ల వయసులో, నెల జీతం మీద బతికేవాళ్లను ఈ మాట నిద్రపోనివ్వదు.

ఈ ప్రసంగం వాళ్ల కోసమే. తక్కువ ఆదాయం ఉండి, స్థిరాస్తి రంగంలో ఒక వృత్తిగా ఎదగాలనుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి దూరంగా ఉండాలి అన్నది మాట్లాడుకుందాం. నేను చెప్పదలచుకున్న సంగతి ముందే చెప్పేస్తాను. డబ్బున్నవాడు పది చోట్ల పెడతాడు. ఒకచోట పోయినా తొమ్మిది చోట్ల మిగులుతుంది. చిన్న జీతగాడికి ఉన్నది ఒక్క అవకాశమే. అది పోతే పదేళ్ల కష్టం పోయినట్టే. కాబట్టి డబ్బున్నవాడికన్నా డబ్బు లేనివాడే ఎక్కువ పట్టింపుగా ఉండాలి. కానీ బజారులో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది. కోట్ల ఆస్తి కొనేవాడు ముందు లాయరుకు చూపిస్తాడు. పది లక్షల ప్లాటు కొనేవాడు మీడియేటర్ మాట మీద టోకెన్ ఇచ్చేస్తాడు.

ముందు లెక్క చూద్దాం. పాత బోయిన్‌పల్లిలో ఉంటూ బాలానగర్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి ఉందనుకోండి. చేతికొచ్చే జీతం 32,000 రూపాయలు. ఖర్చులన్నీ పోను నెలకు 8,000 మిగులుస్తుంది. జీతంలో 40 శాతం దాకా వాయిదాకు బ్యాంకు ఒప్పుకుందనుకుంటే, అది 12,800. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు లక్ష రూపాయల అప్పు మీద వాయిదా సుమారు 868 రూపాయలు పడుతుంది. అంటే ఆమెకు వచ్చే అప్పు 14 లక్షల 70 వేల దగ్గర ఆగుతుంది. ఇరవై ఏళ్లలో ఆమె కట్టేది మాత్రం 30 లక్షలు దాటుతుంది.

ఇక చేతి నుంచి పెట్టాల్సింది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతానికి మించి బ్యాంకు ఇవ్వదు. 16 లక్షల ఆస్తి అయితే లక్షా 60 వేలు మనం పెట్టుకోవాలి. దాని మీద రిజిస్ట్రేషన్ ఖర్చు. తెలంగాణలో 2021 జూలై నుంచి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. అది మరో లక్షా 20 వేలు. మొత్తం 2 లక్షల 80 వేలు. నెలకు 8,000 చొప్పున కూడబెడితే దాదాపు మూడేళ్లు పడుతుంది. అప్పటికీ పాత బోయిన్‌పల్లిలో రెండు పడగ్గదుల ఫ్లాటుకు ఆ 16 లక్షలు చాలవు.

ఈ లెక్క వినగానే నీరసం రావచ్చు. కానీ ఇందులోనే దారి కూడా ఉంది. డబ్బు కూడే ఆ మూడేళ్లూ ఊరికే ఎదురుచూడనక్కర్లేదు. ఆ మూడేళ్లలో ఆస్తిని పరిశీలించే పని నేర్చుకోవచ్చు. మూడేళ్లు పట్టి పని నేర్చినవాడు మూడో ఏట కొనే ఆస్తికీ, మొదటి నెలలోనే కంగారుగా కొన్న ఆస్తికీ చాలా తేడా ఉంటుంది.

కంగారులో ఉన్నవాడికి ఎదురయ్యే ఉచ్చులు ముఖ్యంగా రెండు. మొదటిది ప్రీలాంచ్. ఇంకా అనుమతులు రాని అపార్టుమెంటులో, మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు అంటారు. అవిభాజ్య వాటా కింద కొన్ని గజాలు రాసిస్తామంటారు. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే మనం రెరా అంటున్నది, ఇలాంటివాటిని అడ్డుకోవడానికే వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ ప్రాజెక్టు వేసేవాళ్లు రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అమ్మకపు అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల దగ్గర వసూలైన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టి, ఆ ప్రాజెక్టు భూమికీ, కట్టడానికీ మాత్రమే వాడాలి. ఇంత చట్టం ఉన్నా 2022 డిసెంబరులో అమీన్‌పూర్ వైపు ప్రీలాంచ్ వ్యవహారంలో ఒక నిర్మాణ సంస్థ అధిపతిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేయాల్సి వచ్చింది. వందల కుటుంబాలు కట్టిన డబ్బు ఇరుక్కుపోయింది. సగం ధర అన్నప్పుడు మిగతా సగం ఎవరు భరిస్తారని అడిగితే, ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

రెండోది గుంటల లెక్కన అమ్మే ఫార్మ్ ప్లాటు. గుంట అంటే 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు. కాగితం మీద అది సాగు భూమి. సైటులో మాత్రం గేటు, మొక్కలు, రోడ్డు గుర్తులు కనపడతాయి. ఆ రోడ్డుకు లేఅవుట్ అనుమతి ఉండదు. రేపు ఇల్లు కట్టుకుంటానంటే అనుమతి రాదు. అనుమతి లేని లేఅవుట్లు మన దగ్గర ఎంతగా పెరిగిపోయాయో తెలియాలంటే 2020 నాటి క్రమబద్ధీకరణ పథకం చూడండి. ఎల్ఆర్ఎస్ అనే ఆ పథకం కోసం రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. చాలామంది వెయ్యి రూపాయల ఫీజు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు. వాళ్లలో ఎక్కువమంది చిన్న ప్లాట్లు కొన్న మధ్యతరగతి వాళ్లే. ప్లాటు చౌకగా వచ్చిందనుకున్నారు. ఆ తగ్గింపులో కొంత భాగం తర్వాత క్రమబద్ధీకరణ రుసుము రూపంలో కట్టాల్సి వచ్చింది.

మరి పని ఎక్కడ నేర్చుకోవాలి? బోయిన్‌పల్లిలో ఉండేవాళ్లకు ఆ పాఠశాల ఇంటి ముందే ఉంది. అంత రకరకాల భూమి ఇక్కడ ఉంది.

పాత బోయిన్‌పల్లి నగరపాలక సంస్థ పరిధిలో ఉంటే, న్యూ బోయిన్‌పల్లి సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డు కిందికి వస్తుంది. రోడ్డు ఇటు ఒక చట్టం, అటు మరొకటి. కంటోన్మెంటులో ఇంటి అనుమతి 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం కింద బోర్డు ఇస్తుంది. అక్కడి భూమి వివరాలు 1937 నాటి నియమాల ప్రకారం నడిచే జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో ఉంటాయి. దాన్ని జీఎల్ఆర్ అంటారు. అందులో భూమిని తరగతులుగా విడదీస్తారు. బీ-3 తరగతి అంటే పాత గ్రాంటు షరతుల మీదో, లీజు మీదో ప్రైవేటు మనుషుల చేతిలో ఉన్న భూమి. దాని మీద యాజమాన్య హక్కు కేంద్ర ప్రభుత్వానిదే. పాత గ్రాంటు బంగళా కొన్నవాడు కట్టడానికి యజమాని అవుతాడు గానీ కింద నేలకు కాడు. ఆ పక్కనే పూర్తి హక్కులున్న ప్రైవేటు స్థలాలూ ఉంటాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనపడతాయి. తేడా తెలిసేది రిజిస్టరు చూసినప్పుడే.

కంటోన్మెంటులోని పౌర ప్రాంతాలను నగరపాలక సంస్థలో కలపాలన్న ప్రతిపాదన మీద 2023 నుంచి చర్చ నడుస్తోంది. ఆ వార్త పేపర్లో పడ్డ ప్రతిసారీ అమ్మేవాళ్లు ధర ఒక మెట్టు పెంచుతారు. వార్త మీద పెరిగిన ధర ఇచ్చి కొంటే, ఆ వార్త నిజం కావడానికి పట్టే ఏళ్లన్నిటికీ వడ్డీ మనమే కడతాం. చిన్న పెట్టుబడిదారుడికి అంత ఓపిక ఉండొచ్చు గానీ, అంత వడ్డీ కట్టే స్తోమత ఉండదు.

ఇంకో పాఠం బోయిన్ చెరువు దగ్గర దొరుకుతుంది. హస్మత్‌పేట చెరువు అని కూడా అంటారు. చెరువు నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ గీతను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత లోపల కట్టడానికి వీల్లేదు. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువైతే ఆ గీత అవతల మరో 30 మీటర్లు బఫర్‌గా వదలాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక ఈ మాటలు ఇంటింటికీ తెలిశాయి. కానీ నిబంధనలు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉన్నాయి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ తయారుచేసిన చెరువు పటాలు చూసుకుని కొన్నవాడికి ఆ వార్తలతో భయం లేదు. ఇక బేగంపేట విమానాశ్రయం దగ్గరలోనే ఉంది కాబట్టి భవనాల ఎత్తు మీద పరిమితులుంటాయి. పాత ఇల్లు కొని ఎత్తుగా అపార్టుమెంటు వేయిద్దామని లెక్కలు వేసేవాళ్లు ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తెల్లవారుజామున సరుకు కొనే వ్యాపారిని గమనించండి. గోనె మూతి దగ్గర మెరిసే టమాటాలను చూసి ధర చెప్పడు. అడుగుదాకా చెయ్యి పెట్టి తిప్పి చూస్తాడు. ఆస్తి కాగితాలను కూడా అలాగే అడుగుదాకా చూడాలి.

అడుగు అంటే ఏమిటి? మొదట లింక్ డాక్యుమెంట్లు. ఇవాళ అమ్ముతున్నవాడు ఎవరి దగ్గర కొన్నాడు, వాళ్లు ఎవరి దగ్గర కొన్నారు, ఇలా కనీసం ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. రెండోది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. అంతకు ముందువి కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి. అయితే ఈసీ శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. రిజిస్టరు కాని అగ్రిమెంటు అందులో కనపడదు. ఇంట్లో అన్నదమ్ముల గొడవ కనపడదు. కాగితాలు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు కూడా ఒక్కోసారి కనపడకపోవచ్చు. అందుకే ఒరిజినల్ కాగితాలు కళ్లతో చూడాలి. జిరాక్సులు చూపించి, ఒరిజినల్స్ ఊళ్లో ఉన్నాయని చెబితే, అవి ఊళ్లో నుంచి వచ్చేదాకా టోకెన్ ఇవ్వొద్దు.

మూడోది సంతకాలు. తండ్రి తాతల నాటి ఇల్లు అయితే అక్కాచెల్లెళ్ల వాటా సంగతి అడగాలి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు హక్కు ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1986లో, చట్ట సవరణ వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. కొడుకులే సంతకాలు పెట్టిన సేల్ డీడ్ తర్వాత కోర్టుకు ఎక్కిన సందర్భాలు ఎన్నో. నాలుగోది నోటరీ కాగితాలు, జీపీఏలు అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలు. వాటితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. చౌకగా వస్తున్న నోటరీ ఇంటికి బ్యాంకు సాధారణంగా అప్పు ఇవ్వదు. బ్యాంకు వద్దన్నచోట మనం ఆగడం మంచిది. ఐదోది నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి ఆ జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు కొట్టి చూసుకోవాలి.

ఇవన్నీ డబ్బు పెట్టకుండానే నేర్చుకోవచ్చు. కొనే ఉద్దేశం లేకపోయినా నెలకు రెండు మూడు ఆస్తుల కాగితాలు ఇలా చదవండి. ఇంటి చుట్టూ రెండు కిలోమీటర్ల పరిధి ఎంచుకోండి. ప్రతి వీధిలో అమ్మకానికి వచ్చిన ఆస్తికి చెప్పిన ధర ఎంత, చివరికి తెగిన ధర ఎంత, అద్దె ఎంత, ఎన్నాళ్లు ఖాళీగా ఉంది, అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకం మీ చేతిలో పెద్ద ఆయుధమవుతుంది. ఉదాహరణకు 50 లక్షల ఫ్లాటుకు నెలకు 15,000 అద్దె వస్తే ఏడాదికి 3.6 శాతం. మెయింటెనెన్స్, ఇంటి పన్ను, రిపేర్లు, ఒక నెల ఖాళీ తీసేస్తే మూడు శాతం దగ్గరికి వస్తుంది. అప్పు మీద వడ్డీ ఎనిమిదిన్నర. ఆ తేడాను ప్రతినెలా జీతంలో నుంచి పూడ్చగలరా లేదా అన్నది మీ పుస్తకమే చెబుతుంది.

ఈ జ్ఞానాన్ని ఆదాయంగా మార్చుకునే మార్గం కూడా ఉంది. రెరాలో ఏజెంటుగా నమోదు కావచ్చు. నమోదు లేకుండా రెరా ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదర్చడం నేరం. దానికి రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో ఐదు శాతం దాకా జరిమానా పడవచ్చు. నమోదైన ఏజెంటు నమోదు కాని ప్రాజెక్టును అమ్మకూడదు. లెక్కలు, రికార్డులు నిర్వహించాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ సంస్థ మరో పనికి ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఒక్క 50 లక్షల బేరం కుదిరి, ఒక శాతం కమీషన్ వస్తే 50,000. మనం చెప్పుకున్న అమ్మాయి ఆరు నెలల పొదుపు కంటే ఎక్కువ. కానీ ఆ కమీషన్ ఆశతో ఒక్క చెడ్డ ప్లాటు అంటగడితే, ఇంత చిన్న పరిధిలో ఆ మాట దాగదు. బోయిన్‌పల్లిలో చెడిన పేరు సుచిత్ర దాకా వెళ్లడానికి ఎక్కువ సమయం పట్టదు.

ఈలోగా పొదుపు డబ్బు ఎక్కడ ఉంచాలి? మన ఇళ్లలో చీటీ అలవాటే. చిట్‌ఫండ్ల చట్టం 1982లో వచ్చింది. చిట్టీ నడిపేవాళ్లు ముందుగా అనుమతి తీసుకుని చిట్టీని రిజిస్టరు చేయాలి. వాళ్ల కమీషన్ పరిమితిని 2019 సవరణ ఏడు శాతానికి పెంచింది. కాబట్టి వీధిలో నోటిమాట మీద నడిచే చీటీ కాకుండా రిజిస్టరైన చిట్టీ చూసుకోండి. నెలకు 5,000 చొప్పున 40 నెలల చిట్టీ అంటే 2 లక్షల చిట్టీ; చివర్లో తీసుకుంటే కమీషన్ పోను మిగతాది చేతికొస్తుంది. డౌన్ పేమెంటుకు గడువు పెట్టుకున్నవాళ్లకు అది క్రమశిక్షణ నేర్పుతుంది.

ఇంకొకటి రీట్, అంటే స్థిరాస్తిలో పెట్టుబడి పెట్టే ట్రస్టు. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లోని ఆఫీసు భవనాలు కొనడం మనవల్ల కాదు. కానీ వాటిలో వాటా ఉన్న మైండ్‌స్పేస్ బిజినెస్ పార్క్స్ రీట్ 2020 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో నమోదైంది. ఇష్యూ ధర యూనిట్‌కు 275 రూపాయలు. 2021లో సెబీ నియమాలు మార్చాక ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. పంపిణీకి వీలైన నగదులో కనీసం 90 శాతం యూనిట్‌దారులకు పంచాలన్నది నియమం. యూనిట్ ధర పెరగొచ్చు, తగ్గొచ్చు. ఇది ఇంటికి బదులు కాదు. అయినా ఆఫీసు అద్దెలు, ఖాళీలు, అప్పుల లెక్కలు మూడు నెలలకోసారి వాళ్లు ప్రకటిస్తారు. వాటిని చదవడం అలవాటు చేసుకుంటే పెద్ద ఆస్తి ఎలా నడుస్తుందో తెలుస్తుంది.

బ్యాంకు వేలాల్లో చౌకగా వస్తాయని కూడా వింటుంటారు. వేలంలో గెలిచినవాడు ఆ రోజో, మరుసటి పనిదినమో ధరలో 25 శాతం కట్టాలి. మిగతాది సాధారణంగా 15 రోజుల్లో చెల్లించాలి. లోపల అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయకపోతే ఆ తలనొప్పి మనదే. డబ్బు చేతిలో సిద్ధంగా లేనివాళ్లు వేలాలకు వెళ్లి నేర్చుకోవచ్చు. పాట మాత్రం పాడొద్దు. స్నేహితులు నలుగురు కలిసి కొనాలనుకుంటే, ఎప్పుడు అమ్మాలి, ఒకరు బయటికి పోతానంటే ధర ఎలా కట్టాలి అన్నది కొనకముందే రాసుకోండి. ఏ బేరంలోనైనా అడ్వాన్సు బ్యాంకు ద్వారానే కట్టండి. ఆస్తి అమ్మకం మీద 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తప్పు. రసీదు లేని నగదు పోతే దాన్ని నిరూపించుకోవడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

మూడో ఏడు ముగిసేసరికి ఏం జరుగుతుంది? ఆ అమ్మాయి చేతిలో 2 లక్షల 80 వేలు ఉంటాయి. బహుశా కమీషన్ల వల్ల అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. బోయిన్‌పల్లిలో ఫ్లాటు కాకపోయినా, మేడ్చల్ వైపు అనుమతి ఉన్న లేఅవుట్‌లో చిన్న ప్లాటు కావచ్చు, పాత అపార్టుమెంటులో ఒక గది ఇల్లు కావచ్చు, ఏదో ఒకటి ఆమె లెక్కకు సరిపోవచ్చు. సరిపోకపోతే ఇంకో ఏడాది ఆగుతుంది. ఆగినందుకు ఆమెకు భయం ఉండదు. ఎందుకంటే ఆ రెండు కిలోమీటర్లలో ఏ ధర నిజమో, ఏది గాలి ధరో ఆమెకు తెలుసు.

ఈ రంగంలో ఎదుగుదలను చాలామంది ఎన్ని ప్లాట్లు ఉన్నాయన్న దానితో కొలుస్తారు. నన్నడిగితే, ఎన్నిటిని కాగితం చూసి కాదన్నారో అడుగుతాను. అలా కాదనగలిగిన మనిషి దగ్గరికి వీధిలోవాళ్లు తమ కాగితాలు పట్టుకుని వస్తారు. అమ్మా, ఒకసారి చూసి చెప్పు, అంటారు. అలా నలుగురు నమ్మి వచ్చిన రోజున ఆమె పేరు మీద ఒక్క గజం కూడా లేకపోవచ్చు. అయినా ఆమె ఈ వృత్తిలో నిలదొక్కుకున్నట్టే. గజాలు ఆ తర్వాత వస్తాయి, అవి చిక్కులు లేకుండా వస్తాయి.